మలేషియా నుంచి కొబ్బరి మొక్కలు తేవచ్చా? మన చెట్లకు పట్టిన తెల్లదోమ సంగతేమిటి?

ప్రశ్న (బెంగళూరు కె.ఆర్.పురం నుంచి):
పెరట్లో రెండు కొబ్బరి చెట్లున్నాయి. ఆకుల అడుగున సున్నంతో సుడులు గీసినట్లు తెల్లని వలయాలు, కింది ఆకుల మీద నల్లని మసి. చెట్టు కింద ఏది పెట్టినా జిగురు. పక్కింటివారు ఘాటైన మందు కొట్టించమంటున్నారు. ఇంకో సంగతి, హిందూపురం దగ్గర నాన్నగారి తోట కోసం మా బావగారు మలేషియా నుంచి పొట్టిరకం మొక్కలు సూట్‌కేసులో తెస్తానంటున్నారు. తేవచ్చాండీ?

జవాబు (హెబ్బాళ):
ముందు బావగారిని ఆపండి. నాటే మొక్కకు ముందుగా మన ప్రభుత్వపు దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, ఇక్కడ దిగాక తనిఖీ ఉండాలని 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు చెబుతోంది. దాని వెనకున్న చట్టం 1914 నాటిది. ఇదంతా చాదస్తం కాదు. మీ చెట్టు మీదున్నది మధ్య అమెరికా నుంచి వచ్చిన సర్పిలాకార తెల్లదోమలాగే ఉంది. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు మొదట కనిపించింది. అలాగే బయటి నుంచి వచ్చి గుంటూరు మిరపను 2021లో ముంచిన నల్ల తామరపురుగునైతే 2015లో మన బెంగళూరులోనే బొప్పాయి మీద గుర్తించారు!

ఘాటైన మందు వద్దు. ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ఈ దోమ పిల్లల్లోనే గుడ్డు పెట్టి చంపుతుంది. మందు కొడితే ముందు పోయేది అదే. భూతద్దంతో ఆకు అడుగున చూడండి. పిల్లదోమలు నల్లబడి, గుండ్రటి రంధ్రాలతో ఉంటే అది పని చేస్తున్నట్లే. అలాంటి ఆకు ముక్కలను, కందిరీగ లేని చెట్టు ఆకులకు పిన్ను కొట్టి పెట్టండి. మసికి ఒక శాతం గంజి చల్లితే పొరలా ఎండి రాలిపోతుంది. దోమ తగ్గాలంటే ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టాలి.

ప్రశ్నించినవారు:
కందిరీగ అసలు కనిపించకపోతే? నాన్నగారికి ఏం చెప్పను?

జవాబు (హెబ్బాళ):
ఇక్కడి జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరోను అడగండి. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి బయటపడితే, 2010లో ప్యూర్టోరికో నుంచి దాని శత్రుకీటకాలను తెప్పించి వదిలింది వీరే. నాన్నగారిని ఊళ్లో రైతు సేవా కేంద్రానికి వెళ్లి తెల్లదోమను చంపే ఐసేరియా అనే శిలీంద్రం గురించి అడగమనండి. లీటరు నీటికి 5 గ్రాములు కలిపి, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా చల్లాలి. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఇలాంటి జీవ నియంత్రణ సరుకు తయారవుతుంది.

జవాబు (వైట్‌ఫీల్డ్):
ఒక మాట కలుపుతాను. విదేశీ సరుకుకు ఉన్నంత కట్టడి దేశం లోపల తిరిగే మొక్కలకు లేదు. బెంగళూరు నర్సరీలో కొన్న మొక్కను ఊరికి పంపేముందు ప్రతి ఆకూ తిరగేసి చూడాల్సింది మీరే. వలయం ఒక్కటి కనిపించినా వెనక్కి ఇచ్చేయండి.