వందేభారత్ సరే, మన ప్యాసింజరు మాటేమిటి?

సిగడాం వాసి · ఉదయం 9:40

రోజూ విజయనగరం వెళ్ళి వచ్చే మనిషిని. ఈ ఉదయం మా బండిని ఒక చిన్న స్టేషనులో లూపులో, అంటే పక్క పట్టా మీద, పెట్టారు. పక్కన మెయిన్ లైను మీద ముందు బొగ్గు గూడ్సు వెళ్ళింది, తర్వాత ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్ళింది. ఎదురు సీటాయన టిఫిను డబ్బా విప్పి నాలుగు ఇడ్లీలూ తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, డబ్బా సంచిలో సర్దుకున్నా మాకు సిగ్నలు పడలేదు. "రైలుకు మళ్ళీ మహర్దశ పట్టిందని పేపర్లో రాశారండీ" అన్నాడాయన. చుట్టుపక్కల అందరూ నవ్వారు.

నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. 2024లో విశాఖ–భువనేశ్వర్, విశాఖ–దుర్గ్ వందేభారత్‌లు రెండూ విజయనగరం మీదుగానే మొదలయ్యాయి. టిట్లాగఢ్ వైపు మూడో లైను మంజూరయింది. విశాఖ కేంద్రంగా కొత్త రైల్వే జోను ప్రకటించారు. మరి బాతువ, సిగడాం, దూసి, ఊర్లాం లాంటి స్టేషన్లకు ఇందులో వాటా ఎంత? చిన్న స్టేషన్లలో ఆగే బళ్ళు, నౌపడ–గుణుపూర్ లాంటి బ్రాంచి లైన్ల బళ్ళు పెంచాలా? లేక దగ్గరి ప్రయాణాలు బస్సుకు వదిలేసి రైలును దూరాలకూ సరుకుకూ ఉంచాలా? కోపతాపాలు లేకుండా చెప్పండి.

కాంప్లెక్స్ ఎదురిల్లు · ఉదయం 10:05

వదిలేయాలి. మాది శ్రీకాకుళం. జిల్లా కేంద్రమే అయినా ఊళ్ళో రైల్వే స్టేషను లేదు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డు పెట్టుకున్న స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగి ఇంకో పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఆటోలో రావాలి. బస్సు అయితే ఊళ్ళో ఆర్టీసీ కాంప్లెక్సులో, అంటే బస్టాండులో, దింపుతుంది, అడిగితే దారిలోనూ దింపుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్ బస్సులోనూ టికెట్టే లేదు. ఇంట్లో సగం మందికి ప్రయాణం ఉచితమయ్యాక ప్యాసింజరు కోసం ప్లాట్‌ఫాం మీద ఎవరు నిలబడతారు?

పైగా రైలు టికెట్టు మీద వాళ్ళే అచ్చు వేశారు కదా, ప్రయాణికుడికి పెట్టే ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని. మిగతాది గూడ్సు మోస్తోంది. నష్టం వచ్చే బండిని ఇంకా పెంచమనడం ఏ లెక్కలో న్యాయం?

టెక్కలి పాత విద్యార్థి · ఉదయం 11:30

గుణుపూర్ లైను పేరెత్తారు కాబట్టి చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

అది పర్లాకిమిడి మహారాజు వేయించిన లైను. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలై 1931కి గుణుపూర్ చేరింది. రెండున్నర అడుగుల నారోగేజి. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా వెళ్ళేది. ఎదురెదురుగా కూర్చుంటే మోకాలికి మోకాలు తగిలేది. మధ్యలో ఎవరైనా ఒక పనసకాయ పెట్టారంటే ఇక అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. మా అమ్మమ్మ పాతపట్నం నుంచి వస్తే చీర కుచ్చిళ్ళలో బొగ్గు నుసి రాలేది, దులపడం నా పని. వేగం సంగతి అడగకండి.

బ్రాడ్‌గేజి చేస్తామని 2004లో ఆ లైను మూసేశారు. మంచిదేనని మేమూ సంతోషించాం. పర్లాకిమిడి దాకా 2010లో, గుణుపూర్ దాకా 2011లో మళ్ళీ బండి తిరిగింది. మొత్తం తొంభై కిలోమీటర్లకు ఏడేళ్ళు. అయిదో తరగతి పిల్లవాడు డిగ్రీలో చేరే వయసుకు వచ్చేశాడు. ఈలోగా సంతకు వెళ్ళేవాళ్ళు ఆటో మాట్లాడుకున్నారు, కాలేజీ పిల్లలు బస్సు పాసు తీసుకున్నారు, కాస్త ఉన్నవాడు మోటారు సైకిలు కొన్నాడు. ఒకసారి వాయిదాలు కట్టి బండి కొన్నవాడు దాన్ని వాకిట్లో పెట్టి రైలు టైముకు పరిగెత్తడు.

కొత్త పట్టాలు ఎంత బాగున్నా, రోజుకు వేళ్ళ మీద లెక్కపెట్టే బళ్ళతో ఆ జనం తిరిగి రారు. ఎదురిల్లు గారూ, జనం ఎక్కడం లేదు కాబట్టి బండి వద్దు అంటున్నారు మీరు. బండి లేకపోవడం వల్లే జనం పోయారని నేను కళ్ళారా చూశాను.

పలాస జీడి · మధ్యాహ్నం 12:10

ప్రయాణికుల గొడవ మీరు చూసుకోండి, సరుకు సంగతి నేను చెబుతాను. నా జీడిపప్పు డబ్బాలు లారీలోనే పోతాయి. స్టేషను మాకు కూతవేటు దూరం, అయినా లారీయే. ఎందుకంటే ఒకటి రెండు వ్యాగన్ల సరుకు తీసుకోవడం రైల్వే ఎప్పుడో 1980ల నుంచే తగ్గించుకుంటూ వచ్చింది. ఇప్పుడు నింపితే రేకు మొత్తం, అంటే గూడ్సు బండి మొత్తం, నింపాలి. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువు, సిమెంటు వాళ్ళకు అది కుదురుతుంది. పది టన్నుల వాడు ఏం చెయ్యాలి? రోడ్డు మమ్మల్ని లాక్కుపోయిందని అంటారు గానీ, ముందు వదిలించుకున్నది రైలే.

రిటైర్డు గార్డు · మధ్యాహ్నం 1:45

జీడి గారూ, ఆ మాట నిజమే. పార్శిలు బోగీలు ఉన్నాయి గానీ, ఎక్కించడానికి బండి ఆగే ఆ రెండు మూడు నిమిషాలు మీ డబ్బాలకు చాలవు. అయితే రేకు ఎందుకు ముద్దో కూడా తెలుసుకోండి. 58 వ్యాగన్ల రేకు ఒక్కటి మూడున్నర వేల టన్నుల పైన లాగుతుంది. ఇద్దరు డ్రైవర్లు, ఒక గార్డు. అంత సరుకు లారీలకు ఎత్తితే ఎన్ని లారీలు, ఎంతమంది డ్రైవర్లు, ఎంత డీజిలు? ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లడంలో ఉన్న సుఖం టైరుకు ఎప్పటికీ రాదు. ప్రపంచంలో రైలు మళ్ళీ లేచిందంటే ముందు ఈ లెక్క మీదే. అమెరికాలో 1980లో చట్టం మార్చి ధరలు పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చాక గూడ్సు కంపెనీలు కోలుకున్నాయి. నష్టాల లైన్లు వదిలించుకోవడం కూడా అందులో భాగమే, దాచను.

ఇక లూపులో పెట్టడం. సిగడాం బాబూ, అది కక్ష కాదు. ప్రతి స్టేషనులో ఆగే బండి, ఎక్కడా ఆగని బండి ఒకే పట్టా మీద నడిస్తే నెమ్మది బండి వెనక మూడు బళ్ళు చిక్కుకుంటాయి. అందుకే దాన్ని పక్కకు తోస్తారు. దీనికి మందులు రెండు. ఒకటి మూడో లైను. రెండోది ఇంజను తగిలించిన పాత ప్యాసింజరు బదులు మెము అనే కరెంటు బండి. దానికి మోటార్లు పెట్టెల్లోనే ఉంటాయి, ఆగిన చోటు నుంచి చప్పున అందుకుంటుంది, స్టేషను స్టేషనుకూ నిమిషాలు మిగులుతాయి.

గొట్లాం · మధ్యాహ్నం 2:02

మందులు సరే, ముందు ప్రాణాలు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర గుద్దుకున్నవి రెండూ ప్యాసింజర్లే, ఒకటి పలాస బండి, ఒకటి రాయగడ బండి. బళ్ళు పెంచమని అడిగేటప్పుడు, బళ్ళు గుద్దుకోకుండా ఆపే కవచ్ ఏర్పాటు కూడా ఆ వాక్యంలోనే అడగండి.

పొందూరు ఆడపడుచు · సాయంత్రం 4:20

ఉచిత బస్సు ఎక్కే మనిషినే నేను. మా పేరు చెప్పి రైలు వద్దంటున్నారు కాబట్టి రాస్తున్నాను. బస్సు వచ్చేసరికే నిండిపోయి వస్తుంది. మా అమ్మకు మోకాళ్ళ నొప్పి, షుగరు. గంటన్నర ప్రయాణంలో ఆమెకు కావలసింది ఉచితం కాదు, మరుగుదొడ్డి. అది బస్సులో ఉంటుందా? కూరల గంప పెట్టుకోవడానికి బస్సులో చోటేదీ? బస్సు ఉచితం మాకు మంచిదే, తీసెయ్యమనడం లేదు. కానీ మా నాన్నకు, తమ్ముడికి టికెట్టు ఉంది కదా.

టికెట్టు అంటే గుర్తొచ్చింది. కోవిడ్ తర్వాత ప్యాసింజరుకే ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి కనీస చార్జీ 10 నుంచి 30 రూపాయలు చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ 10కి దించారు. అన్నేళ్ళు మూడింతలు వసూలు చేసి, జనం బస్సులకు పోయాక, "చూశారా, ఎక్కేవాళ్ళు లేరు" అంటే ఎలా?

ఇంకొక్క మాట. మా తమ్ముడు చెన్నైలో భవనాల పనికి వెళతాడు. జనరల్ బోగీలో తలుపు దగ్గర కూర్చుని, రాత్రంతా నిద్ర ఆపుకుని. మన తీరం నుంచి గుజరాత్ వేరావల్ దాకా చేపల వేటకు వెళ్ళేవాళ్ళదీ అదే బోగీ. రైలుకు మంచి రోజులు వచ్చాయో లేదో వాళ్ళను అడిగితే తెలుస్తుంది.

కాంప్లెక్స్ ఎదురిల్లు · సాయంత్రం 5:15

అమ్మా, జనరల్ బోగీలు పెంచమంటే మీ పక్కనే నిలబడతాను. అది దూర ప్రయాణం, రైలు పనే. నా అభ్యంతరం దగ్గరి బళ్ళ మీద. గార్డు మాస్టారు స్వయంగా చెప్పారు, నెమ్మది బండి వెనక మూడు బళ్ళు చిక్కుకుంటాయని. అమెరికా కూడా నష్టాల లైన్లు వదిలించుకునే బాగుపడిందని చెప్పారు.

రిటైర్డు గార్డు · సాయంత్రం 6:00

సగం తీసుకుని సగం వదిలేశారు. బ్రిటన్‌లో 1963లో బీచింగ్ అనే ఆయన నివేదిక ఇచ్చాడు: 5,000 మైళ్ళ లైను, 2,300 పైన స్టేషన్లు మూసెయ్యమని. అచ్చం మీ వాదనే, బస్సులు చూసుకుంటాయని. బ్రాంచి లైను పోయినవాడు బస్సెక్కి మెయిన్ లైనుకు వస్తాడనుకున్నారు. వాడు కారు కొనుక్కుని గమ్యం దాకా అందులోనే పోయాడు. అంటే ఆ చిన్న లైను పెద్ద లైనుకు తెచ్చి పోసే జనం కూడా పోయారు. స్కాట్లాండులో 1969లో మూసిన లైను ఒకటి ఎడిన్‌బరో వైపు కొంతమేర మళ్ళీ వేసి 2015లో తెరిచారు. పీకిన పట్టా మళ్ళీ వెయ్యడం ఎంత ఖర్చో వేరే చెప్పాలా? బీచింగ్ నివేదిక వచ్చిన మరుసటి ఏడాదే, 1964లో, జపాను టోక్యో–ఒసాకా షింకాన్‌సెన్ నడిపింది. రైలు పని అయిపోయిందని ఒకచోట లెక్కలు కడుతుంటే ఇంకోచోట కొత్తది కడుతున్నారు.

మన దగ్గర పట్టా ఉంది, పైన కరెంటు తీగ ఉంది. లేనిది బండి టైము.

కాంప్లెక్స్ ఎదురిల్లు · సాయంత్రం 6:40

టైము ఒక్కటే అయితే పరీక్ష పెడదాం. తొమ్మిదిలోపు విజయనగరం చేర్చే మెము ఒకటి, సాయంత్రం ఆరు దాటాక అక్కడ బయలుదేరేది ఒకటి, ఆరు నెలలు నడపమనండి. అప్పటికీ ఖాళీగా తిరిగితే బస్సే నయమని మీరందరూ ఒప్పుకోవాలి. నిండితే నేనే ఆమదాలవలస ఆటో ఎక్కి వచ్చి ఆ బండిలో పొందూరు దాకా ప్రయాణం చేస్తాను.

సిగడాం వాసి · సాయంత్రం 7:25

ఒప్పుకున్నాం. ఇప్పుడే ఇల్లు చేరాను, సాయంత్రం బండి కూడా ఆగి ఆగి వచ్చింది. ఒక్క షరతు మాస్టారూ: ఆ ఆరు నెలలూ దాన్ని లూపులో పెట్టకూడదు.