బస్తీ దవాఖానా సాయంత్రం తెరిపించాలంటే ఎవరి దగ్గరికి పోవాలి?

బస్తీ వాలంటీర్:
మా దగ్గర దవాఖానా సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు. అడ్డా కూలీలు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు వచ్చేసరికి తాళం ఉంటుంది. బీపీ బిళ్లల కోసం ఒక రోజు కూలీ ఎవరు వదులుకుంటారు? అందుకే ఆర్ఎంపీ దగ్గరికి పోతున్నారు. 300 సంతకాలతో ఎమ్మెల్యేకి వినతిపత్రం ఇద్దామనుకుంటున్నాం. పనవుతుందా?

పీఐపీ పాతకాపు:
ఇవ్వండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. భవనం జీహెచ్ఎంసీది. డాక్టరు, నర్సు జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు మీద ఉంటారు, వాళ్లపైన జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్ఓ). మిషన్ డబ్బులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి. ఉన్న వేళల్నే వెనక్కి జరపడానికి ఆర్డరు చాలు. రెండో షిఫ్టుకైతే పద్దు కావాలి. ఆ పద్దు జిల్లా పీఐపీలో, అంటే మిషన్ డబ్బు కోసం వేసే ప్రణాళికలో ఎక్కి, రాష్ట్రం దాటి, ఢిల్లీ ఇచ్చే ఆమోదపత్రం ఆర్ఓపీలో ఒక లైనుగా రావాలి. ఆ లైను లేని పోస్టుకి మిషన్ జీతం ఇవ్వదు, ఎమ్మెల్యే ఎన్ని ఫోన్లు చేసినా సరే. పీఐపీ ఇప్పుడు రెండేళ్లకోసారి వేస్తున్నారు కాబట్టి అదను తప్పితే ఎదురుచూపులే. ఏది అడుగుతున్నారో రాయకపోతే "పరిశీలిస్తాం" అని ఫైలు పక్కన పడుతుంది.

2013 నాటి పట్టణ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాల్లో యూపీహెచ్‌సీ (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఓపీ వేళలు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8. బస్తీ దవాఖానాకి నేరుగా వర్తించకపోయినా మీ కాగితంలో మొదటి పేరా అదే పెట్టండి.

గల్లీ లెక్క:
సంతకాలకన్నా లెక్క బరువు. బస్తీ ఆడవాళ్లతో మిషన్ కింద ఏర్పడే మహిళా ఆరోగ్య సమితి ఒక్కోదాని కింద 50 నుంచి 100 ఇళ్లుంటాయి. నాలుగు సమితులు కలిస్తే సర్వే అయిపోతుంది. మూడే ప్రశ్నలు: పోయినసారి జబ్బు చేస్తే ఎక్కడికి పోయారు, ఏ టైముకి, ఎంత ఖర్చయింది. "సాయంత్రం తెరిస్తే వస్తారా" అని మాత్రం అడగొద్దు, అందరూ ఊ అంటారు.

రాజకీయం కూడా చూడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. గుండె ఆపరేషన్ అందరికీ కనిపిస్తుంది, రాకుండా ఆగిన పక్షవాతం ఎవరికీ కనిపించదు. బ్రెజిల్‌లో 1990 చట్టం తర్వాత ఆరోగ్య మండళ్లలో సగం సీట్లు వైద్యం పొందే జనానివే, బడ్జెట్ వాళ్ల ముందుకు రావాల్సిందే. మన సమితి చేతిలో ఉన్నది ఏడాదికి 5,000 రూపాయల నిధి.

శాంపిల్ ట్యూబ్:
తలుపులు తెరిస్తే సరిపోదు. రక్తం శాంపిళ్లు తీసుకుపోయే బండి పగలే వచ్చిపోతే సాయంత్రం తీసినవి ఏమవుతాయి? కణాలు వేరుచేయని రక్తంలో గ్లూకోజు గంటకి 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, షుగరు ఉన్నవాడికి లేదని రిపోర్టు రావచ్చు. ఆ తగ్గుదలని అడ్డుకునే ఫ్లోరైడ్ ట్యూబులు, ఫ్రిజ్, రెండో ట్రిప్పు కూడా అడగండి. మందులూ అంతే: ఇండెంట్ (ఎన్ని మందులు కావాలో రాసే కాగితం) పాత వాడకాన్ని బట్టి పెడతారు, జనం పెరిగిన నెలలోనే బీపీ బిళ్ల ఆమ్లోడిపిన్ అయిపోతుంది. మొదటి నెల ఇండెంట్ పెంచి రాయించండి.

బస్తీ వాలంటీర్:
అయితే రెండో షిఫ్టు ఇప్పుడే వద్దు. వారంలో మూడు రోజులు 12 నుంచి 7 దాకా తెరవమని, శాంపిళ్లు మరుసటి పొద్దున తీయమని అడుగుతాం. ఈ ఆదివారం సర్వే కాగితాలు పంచుతాం.