ఇంటర్నెట్ కంపెనీ రౌటర్ వెనక్కిచ్చాక కూడా అద్దె వేస్తున్నారు, ఏం చేయాలి?

మాది కర్నూలు, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఫైబర్ కనెక్షన్ తీసుకున్నప్పుడు రౌటర్‌కి 1,500 డిపాజిట్ కట్టాను. బెడ్‌రూమ్‌లో సిగ్నల్ అందక సొంతది కొనుక్కుని, ఎనిమిది నెలల కిందట వాళ్లది తిరిగిచ్చేశాను. పట్టుకెళ్లిన అబ్బాయి రసీదు ఇవ్వలేదు, నేనూ అడగలేదు (మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది). నా దగ్గరున్నదల్లా అతను పెట్టిన ‘కలెక్టెడ్ సర్’ అనే వాట్సాప్ మెసేజ్, డబ్బా అడుగున సీరియల్ నంబర్ ఫొటో.

బిల్లులో మాత్రం ‘ఎక్విప్‌మెంట్ చార్జీ’ 99, జీఎస్టీతో 116.82, నెలనెలా పడుతూనే ఉంది. డిపాజిట్ అడిగితే ‘బాక్స్ మీ దగ్గరే ఉన్నట్టు సిస్టమ్‌లో చూపిస్తోంది’ అంటారు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదట. కంపెనీలో కంప్లయింట్, ఆపైన అప్పీలు రెండూ అయ్యాయి, ఫలితం సున్నా. ఇక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాలి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు ఫీజు లేదు కాబట్టి ఆ భయం లేదు.

ఆ ఒక్క మెసేజ్ సాక్ష్యంగా నిలుస్తుందా? వచ్చే నెల కర్నూలు వెళ్లిపోతున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనముండే ఊళ్లోనే కేసు వేయొచ్చు కదా, అలా వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లాయర్ లేకుండా నడిచిందా?