గాల్‌బ్లాడర్ మీద థైరాయిడ్ కణజాలం: ఇలాంటిది ఎవరికైనా వచ్చిందా?

అందరికీ నమస్కారం. మా అమ్మకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే లాప్రోస్కోపీ చేసి తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది, అసలు గొడవ బయాప్సీ రిపోర్టుతో మొదలైంది. గాల్‌బ్లాడర్ గోడకి అంటుకుని సెంటీమీటరు కూడా లేని గోధుమరంగు గడ్డ ఒకటి ఉందట, అది థైరాయిడ్ కణజాలమట! థైరాయిడ్ కణాలను గుర్తుపట్టడానికి చేసే థైరోగ్లోబ్యులిన్, టీటీఎఫ్-1 పరీక్షలు రెండూ పాజిటివ్. క్యాన్సర్ లక్షణాలు లేవని రాశారు.

పిండదశలో థైరాయిడ్ నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుందని, దారి తప్పినా ఎక్కువగా నాలుక దగ్గరే ఆగిపోతుందని చదివాను. మరి పొట్టలోకి ఎలా వచ్చినట్టు? సర్జన్ గారూ ఆశ్చర్యపోయారు.

మెడ అల్ట్రాసౌండ్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూసే రక్తపరీక్ష) నార్మల్. అయినా నా భయమల్లా ఒకటే. ఫాలిక్యులర్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్లలో ఒక రకం) వేరేచోటికి పాకినప్పుడు కూడా మైక్రోస్కోపులో ఒక్కోసారి మామూలు థైరాయిడ్‌లాగే కనిపిస్తుందట. స్లైడ్లు ఇంకో పాథాలజిస్టుకి చూపించాలా? ఒంట్లో థైరాయిడ్ కణజాలం ఎక్కడెక్కడ ఉందో చూసే రేడియో అయోడిన్ స్కాన్ అవసరమా? అండాశయంలోనూ థైరాయిడ్ కణజాలంతో గడ్డలు వస్తాయి కదా, అక్కడా చూడమని అడగాలా? ముందు ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్లాలా, ఆంకాలజిస్టు దగ్గరికా?

అమ్మకి ఇంకా పూర్తిగా చెప్పలేదు. 'ఏం కాదులే' అనే ఓదార్పు ఇంట్లో బోలెడు దొరుకుతోంది. ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్లు, లేదా చూసిన డాక్టర్లు ఉంటే, తర్వాత ఏ పరీక్షలు చేశారో, ఎన్నాళ్లు ఫాలో అప్‌లో ఉంచారో దయచేసి చెప్పండి.