28వ రోజు హెచ్ఐవీ టెస్టు నెగటివ్ వచ్చింది, ఇంకెన్నాళ్లు ఆగాలి?

ఆదోని అబ్బాయి:
నాకు 27 ఏళ్లు, బట్టల కొట్టులో పని. జనవరి 20న సరుకు కోసం బళ్లారి పోయినప్పుడు ఒకామెతో కలిశాను. కండోమ్ వాడలేదు. పది రోజులకు జ్వరం, గొంతునొప్పి వచ్చాయి. అప్పటినుంచి నిద్ర లేదు. రోజూ అద్దంలో నాలుక చూసుకుంటున్నాను.

ఫిబ్రవరి 17న, అంటే 28వ రోజు, కర్నూలు పోయి ఒక ప్రైవేటు ల్యాబులో హెచ్ఐవీ టెస్టు చేయించాను. నాన్ రియాక్టివ్, అంటే నెగటివ్ అని ఇచ్చారు. దీన్ని నమ్మొచ్చా అంటే అక్కడ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఉగాది తర్వాత నాకు నిశ్చితార్థం. ఇంకో టెన్షన్ ఏమంటే, మా వీధి పిల్లలు రక్తదాన శిబిరం పెడుతూ నా పేరు రాసుకున్నారు. ఎన్నాళ్లకు చేయిస్తే ఇక ఖాయం అనుకోవచ్చు?

నంద్యాల వాసి:
ఆరు నెలలు ఆగాలి బ్రదర్. నేను విన్నది అదే. అంతకుముందు ఎన్ని చేయించినా లెక్కలోకి రావు.

కడప ల్యాబ్ అమ్మ:
ఆరు నెలలు అనేది పాత కిట్లనాటి మాట. ఆ పిల్లవాడిని భయపెట్టొద్దు. నేను ఐసీటీసీ, అంటే సర్కారు హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రం ల్యాబులో పదిహేనేళ్లు రక్తం తీసినదాన్ని, ఈ ప్రశ్న వందల మంది నోట విన్నాను.

నాయనా, ముందు నీ రిపోర్టు తీసి చూడు. అందులో పీ24 యాంటీజెన్ అనిగానీ, ఫోర్త్ జనరేషన్ అనిగానీ ఉందా? ఉంటే అది వైరస్ ముక్కనూ, మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలనూ రెండింటినీ వెతికే టెస్టు. సిరనుంచి రక్తం తీసి ల్యాబులో చేస్తే, వైరస్ సోకిన 18 నుంచి 45 రోజుల లోపల పట్టేస్తుంది. యాంటీబాడీలను మాత్రమే చూసే కార్డు టెస్టు అయితే 23 రోజుల నుంచి 90 రోజుల దాకా పడుతుంది. వైరస్‌నే నేరుగా వెతికే ఆర్ఎన్ఏ టెస్టు 10 నుంచి 33 రోజుల్లో పడుతుంది గానీ ఖర్చు ఎక్కువ, నీకు దాని అవసరం లేదు.

మన చేలల్లో శనక్కాయ విత్తిన రెండోరోజు పోయి చూస్తే మట్టే కనిపిస్తుంది. విత్తనం లేదని కాదు గదా, మొలక పైకి రాలేదు. వైరస్ సోకినా టెస్టుకు ఇంకా దొరకని రోజుల్ని విండో పీరియడ్ అంటారు, అదీ అంతే. 28వ రోజు ఫోర్త్ జనరేషన్ నెగటివ్ అంటే చాలా మంచి కబురు, ఎక్కువమందికి అప్పటికే తెలిసిపోతుంది. కానీ చివరి మాట కాదు. నీ లెక్కన 45వ రోజు మార్చి 6. ఆ రోజుగానీ, ఆ తర్వాతగానీ అదే రకం టెస్టు చేయించు. సర్కారు ఐసీటీసీలో అయితే ఉచితం. అక్కడ ఎక్కువగా ర్యాపిడ్ కిట్లే, అంటే కార్డు టెస్టులే కాబట్టి మూడు నెలలకు మళ్లీ రమ్మంటారు, అంటే ఏప్రిల్ 20. ఒకవేళ మొదటి కిట్‌లో రియాక్టివ్ వచ్చినా దాంతోనే తేల్చరు, వేరే రకం కిట్లతో మళ్లీ చూసి చెబుతారు.

జ్వరం, నాలుక పట్టుకుని ఏమీ తేలదు. మామూలు జలుబు జ్వరమూ అట్లే ఉంటుంది. ఇక నాలుక చూసుకోవడం మానెయ్.

రక్తం మాత్రం ఇవ్వొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. సేకరించిన ప్రతి సంచీ టెస్టు చేస్తారు, నిజమే. కానీ విండో పీరియడ్‌లో ఉన్న రక్తం ఆ టెస్టును దాటిపోవచ్చు. అది ఏ బాలింతకో ఎక్కిస్తారు. ఈమధ్యే జ్వరం వచ్చిందని చెప్పి తప్పుకో, అది అబద్ధం కూడా కాదు. అన్నీ తేలేదాకా ఎవరితోనూ కండోమ్ లేకుండా కలవొద్దు. సిఫిలిస్, హెపటైటిస్ బీ టెస్టులు కూడా రాయించుకో, చాలామంది వాటిని మరిచిపోతారు.

అనంతపురం స్టాఫ్ నర్సు:
తమ్ముడూ, నాకు డ్యూటీలో సూది గుచ్చుకుంది. పేషెంట్ పాజిటివ్. వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపే మాత్రలు రెండు గంటల్లో మొదలుపెట్టి 28 రోజులు వాడాను. 72 గంటలు దాటితే ఆ మాత్రలతో ఉపయోగం లేదు. నీకు ఆ గడువు ఎప్పుడో పోయింది గానీ, ఇది చదివే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నా. మాత్రలు వాడినవాళ్లు రోజులు లెక్కపెట్టాల్సింది మాత్రలు అయిపోయిన రోజు నుంచి. నేను ఆ మూడు నెలలూ మా పాప తాగిన గ్లాసు కూడా ముట్టలేదు. గ్లాసుతో రాదని నాకు తెలుసు, నలుగురికి చెప్పేదాన్నే. అయినా ముట్టలేకపోయాను. నీ నిద్ర సంగతి నాకు అర్థమైంది. 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఆదోని అబ్బాయి:
రిపోర్టు చూశాను. పీ24 అని ఉంది. శిబిరానికి రానని చెప్పేశాను. ఆదోనిలో అయితే తెలిసినవాళ్లు చూస్తారు, వాళ్ల నోట్లోంచి ఊరంతా పాకుతుంది.

కడప ల్యాబ్ అమ్మ:
కర్నూలు పెద్దాసుపత్రికి పో. ఐసీటీసీలో ముందు కౌన్సెలర్ తలుపు వేసి మాట్లాడతారు, నీ ఒప్పుకోలు తీసుకున్నాకే రక్తం తీస్తారు. నీ ఫలితం బయట పెట్టకూడదని 2017లో చట్టమే చేశారు. పీ24 టెస్టే కావాలంటే మార్చి 6 తర్వాత పాత ల్యాబుకే పో. ఏప్రిల్‌లో ఐసీటీసీలో ఇంకోసారి చూపించుకుంటే నీ మనసులోనూ ఏమీ మిగలదు. మధ్యలో వారం వారం చేయించొద్దు.

ఆదోని అబ్బాయి:
సరే అమ్మా. మార్చి 7న పోతాను. పరగడుపున పోవాలా? టిఫిన్ చేయకుండా బయల్దేరితే ఇంట్లో అడుగుతారు.

కడప ల్యాబ్ అమ్మ:
అక్కర్లేదు నాయనా, తిని పో.