పీ0299 కోడ్ వస్తే బూస్ట్ సెన్సార్ మార్చేయడమేనా?

అలిపిరి డీజిల్
మాది తిరుపతి. 1.3 లీటర్ల టర్బో డీజిల్ కారు, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన శనివారం అమ్మానాన్నలను ఎక్కించుకుని కొండకు బయల్దేరితే రెండో ఘాట్ రోడ్డులో సగం దూరం ఎక్కాక చెక్ ఇంజన్ లైట్ వెలిగి బండి పికప్ మొత్తం పడిపోయింది, ఎంత తొక్కినా లాగదు, వెనకాల బస్సులు హారన్లు, నాన్నకు ఒకటే టెన్షన్. ఎలాగో పైకి చేరి ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలుగా అయిపోయింది. కిందికొచ్చాక షెడ్డులో స్కానర్ పెడితే పీ0299 అని చూపించింది. బూస్ట్ సెన్సార్ పోయింది, మార్చాలి, కూలితో కలిపి నాలుగున్నర వేలు అన్నారు. నాన్న మార్చేయమంటున్నారు, మా బావ ఆగమంటున్నాడు. అన్నలూ, ఏం చేయాలి?

పాకాల షెడ్డు
ఆగు తమ్ముడూ, మీ బావ మాట విను. పీ0299 అంటే ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో నుంచి రావాల్సినంత ఒత్తిడి (బూస్ట్) రావడం లేదని అర్థం. ఆ సంగతి ఈసీయూకి, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కి, చెప్పింది ఎవరు? ఆ సెన్సారే. ఉన్న సంగతి చెప్పినందుకు దాన్నే పీకేస్తే ఎట్లా? సెన్సార్‌లోనో దాని వైరింగ్‌లోనో తేడా ఉంటే మామూలుగా వచ్చే కోడ్లు వేరు, పీ0235 నుంచి పీ0238 దాకా. నీకు వాటిలో ఒక్కటీ రాలేదు కదా.

రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటి చెప్తా. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, స్కానర్‌లో మ్యాప్ రీడింగ్, అంటే ఆ బూస్ట్ సెన్సార్ చూపించే ఒత్తిడి, చూడు. ఇంజన్ తిరగనప్పుడు ఆ సెన్సార్ మీద ఉండేది బయటి గాలి ఒత్తిడే, కాబట్టి తిరుపతిలో 99 కిలోపాస్కల్స్‌కు అటూ ఇటూగా చూపించాలి. చిత్తూరులో ఇంకో రెండు తగ్గుతుంది. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు, అక్కడ 91 దగ్గర ఉండాలి. చాలా బండ్లలో ఈసీయూ లోపల ఇంకో గాలి ఒత్తిడి సెన్సార్ ఉంటుంది, స్కానర్‌లో బారో అని కనిపిస్తుంది. ఆ రెండు అంకెలూ కలిస్తే సెన్సార్ మీద చెయ్యి వేయకు, హోస్‌లు చూడు. టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు గాలి పంచే మానిఫోల్డ్‌కు పోయే రబ్బరు హోస్‌లు, క్లిప్పులు, టర్బోను అదుపు చేసే యాక్చుయేటర్‌కు పోయే సన్న వాక్యూమ్ పైపు, ఇవన్నీ చూశాకే సెన్సార్.

చిత్తూరు ట్యాక్సీ
పాకాల అన్నా, మీరు చెప్పేది షెడ్డులో బండి నిలబెట్టుకుని చూసేవాళ్ళకు సరిపోతుంది. నేను చిత్తూరు, బెంగళూరు మధ్య రోజూ నడిపేవాణ్ణి. పోయినేడు మొగిలి ఘాట్‌లో పాసింజర్లతో నాలుగుసార్లు ఆగిపోయా. హోస్‌లు మార్చారు, క్లిప్పులు బిగించారు, టర్బో విప్పాలన్నారు, అట్లా తొమ్మిది రోజులు బండి షెడ్డులోనే. చివరికి కొత్త సెన్సార్ వేస్తే ఆ రోజే తగ్గిపోయింది. నాకు వచ్చిన కోడ్ కూడా పీ0299 ఒక్కటే, మీరన్న పీ0235 లాంటివి ఏవీ రాలేదు. తొమ్మిది రోజుల కిరాయి కంటే సెన్సార్ ధర ఎక్కువా? ఒక్క బోల్టు విప్పితే వచ్చేదాన్ని ముందే మార్చి చూడటంలో తప్పేముంది?

పాకాల షెడ్డు
మీకు జరిగింది కాదనను. అయితే తొమ్మిది రోజులు పోయింది కొలవకుండా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడం వల్ల. కీ ఆన్ చేసి రీడింగ్ చూడటానికి రెండు నిమిషాలు చాలు. సెన్సార్ ముందు మార్చినా, హోస్ ముందు మార్చినా, చూడకుండా మార్చడం మార్చడమే. నా దగ్గరికి కొత్త సెన్సార్ వేయించుకుని, అదే లైటుతో వచ్చే బండ్లు ఎన్నో. వాళ్ళ మొహం చూసి మళ్ళీ డబ్బులడగాలంటే నాకే బాధగా ఉంటుంది.

రేణిగుంట ఎలక్ట్రికల్
ఇద్దరి మాటల్లోనూ ఒక సంగతి మిగిలిపోయింది. కీ ఆన్ పరీక్షలో పాసైనంత మాత్రాన సెన్సార్ పూర్తిగా బాగున్నట్టు కాదు. ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసి, టర్బో నుంచి వచ్చే నూనె తడి కలిసి సెన్సార్ మూతి దగ్గర జిగురులా పేరుకుంటాయి. రంధ్రం సగం మూసుకున్నా నిలకడగా ఉన్న ఒత్తిడిని సరిగ్గానే చూపిస్తుంది, ఘాట్‌లో ఒక్కసారిగా తొక్కినప్పుడు మాత్రం రీడింగ్ ఆలస్యంగా లేస్తుంది. ఈసీయూ బూస్ట్ రావడం లేదనుకుని పవర్ తగ్గించేస్తుంది. చిత్తూరు అన్న బండిలో జరిగింది ఇదే అయ్యుండొచ్చు, పాత సెన్సార్ విప్పినప్పుడు మూతి ఎవరైనా చూశారా?

నేను విప్పినవాటిలో ఒకదాని మూతి కార్తీకమాసం ప్రమిదలో అడుగున మిగిలిన ముద్దలా ఉండింది, నల్లగా, మెత్తగా. అది శుభ్రం చేస్తే పోతుంది, మార్చనక్కర్లేదు. కీ ఆఫ్ చేసి కప్లర్ తీయాలి, బోల్టు విప్పి మెల్లగా తిప్పుతూ బయటికి లాగాలి. సెన్సార్ క్లీనర్ గానీ ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ గానీ మూతి కిందికి పెట్టి కొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. పిన్నీసు, పుల్ల, ఎయిర్ గన్ దగ్గరికి కూడా తేవద్దు, లోపలున్న పలచని సిలికాన్ పొర పోయిందంటే సెన్సార్ పోయినట్టే. తిరిగి పెట్టేటప్పుడు ఓ-రింగ్ చీలిందేమో చూసి ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాయండి. బోల్టు గట్టిగా బిగించొద్దు, మానిఫోల్డ్ ప్లాస్టిక్‌దైతే మర పోతుంది, ఆ ఖర్చు సెన్సార్ ఖర్చును మించిపోతుంది.

చిత్తూరు ట్యాక్సీ
మూతి నేను చూడలేదు, పాతది షెడ్డులోనే పడేశారు. ఆలస్యంగా లేస్తుందన్నది మాత్రం నిజమే అనిపిస్తోంది, ఎందుకంటే సాదా రోడ్డులో ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, గేరు మార్చి తొక్కినప్పుడే పోయేది. అయినా ఒక మాట చెప్తా, బండి మీదే బతికేవాడికి స్ప్రే కొట్టి వారం చూద్దాం అనేది కుదరదు. సొంత కారైతే మీరన్నట్టే చేయండి.

అలిపిరి డీజిల్
అందరికీ థాంక్స్. నిన్న పొద్దున బావ బ్లూటూత్ ఓబీడీ, అదే ఫోన్‌లో చూసుకునే చిన్న స్కానర్, తెస్తే ఇంటి ముందే చూశాం. కీ ఆన్‌లో మ్యాప్ 99, బారో కూడా 99. సెన్సార్ విప్పితే కాస్త మసి ఉంది గానీ రంధ్రం తెరిచే ఉంది, శుభ్రం చేసి పెట్టేశాం. తర్వాత ఇంటర్‌కూలర్ నుంచి పైకొచ్చే హోస్ పట్టుకుని నొక్కితే, క్లిప్ కింద రెండంగుళాల చీలిక నోరు తెరిచింది. మామూలుగా చూస్తే కనిపించదు, ఆ చుట్టూ మాత్రం నూనెకు దుమ్ము అంటుకుని నల్లటి మరక ఉంది. హోస్ మార్చడానికి పన్నెండు వందలు అయింది.

ఈ రోజు నాన్నను ఎక్కించుకుని మళ్ళీ కొండకు వెళ్ళాను. అదే మలుపుల్లో మూడో గేరులో మ్యాప్ 200 దాటింది, లైట్ రాలేదు. పైన పార్కింగ్‌లో ఇంజన్ ఆపి కీ ఆన్ చేస్తే 91 చూపించింది, పాకాల అన్న చెప్పిన అంకే.

చిత్తూరు ట్యాక్సీ
మంచిది తమ్ముడూ. నా డిక్కీలో స్పేర్ సెన్సార్ మాత్రం ఉంటుంది, అది తీయను. మార్చే ముందు కీ ఆన్ రీడింగ్ చూస్తా. పాకాల అన్నా, పలమనేరు దగ్గర ఎంత చూపించాలి?