మెడ నొప్పికి కుర్చీ మార్చాలా, పని తగ్గించాలా?

మడికొండ_హెచ్ఆర్:
బడ్జెట్ ఒక్కదానికే ఉంది. కొత్త కుర్చీలా, టీముకు ఇంకో ఇద్దరు మనుషులా? మెడ, నడుము నొప్పుల ఫిర్యాదులే ఎక్కువ కాబట్టి నా ఓటు కుర్చీలకే. పని ఒత్తిడే నొప్పికి కారణం అంటారేమో, కానీ డబ్ల్యూహెచ్‌ఓ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో, పని ఒత్తిడితో అలసి చతికిలపడే బర్నౌట్‌ను జబ్బు అనలేదు, ఉద్యోగంతో వచ్చే స్థితి అంది. నీరసం, పని మీద విరక్తి, పని సరిగా చేయలేకపోవడం, ఈ మూడే రాసింది. నొప్పి మాటే లేదు.

హన్మకొండ_ఫిజియో:
నిర్వచనంల లేకుంటే ఒంట్ల లేనట్టేనా? మెడ నుంచి భుజం దాకా పరుచుకున్న ట్రెపీజియస్ కండరం మీద కండరం బిగువును కొలిచే ఈఎంజీ పట్టీలు అతికించి, టైం పెట్టి చిక్కు లెక్కలు చేయించిన్రు. చేతుల బరువేం లేకున్నా కండరం బిగుసుకుంది. అందుల సన్న పోగులు ముందు పనిలకు దిగి ఆఖరున వదులైతయి. 1991ల హేగ్ అనే పరిశోధకుడు వీటికి, కథల ఇంటి చాకిరంతా చేసే సిండరెల్లా పేరు పెట్టిండు. మన దిక్కైతే కోడలు పోగులు అనాలె, ముందు లేచి ఆఖరున పండేది ఆమెనే కదా. వీటికి విరామం దొరకకనే నొప్పి పుడుతదన్నది ఇంకా ప్రతిపాదనే, ఒప్పుకుంట. కానీ నిద్ర తక్కువైతే నొప్పి ఎక్కువ తెలుస్తదన్నది మాత్రం ప్రయోగాలల్ల తేలిందే.

రామగుండం_సేఫ్టీ:
ఇద్దరూ తొందర పడుతున్నరు. ముందు రాయించుండ్రి: లేవంగనే, మధ్యాహ్నం, రాత్రి నొప్పి 0 నుంచి 10ల ఎంత, నిద్ర ఎన్ని గంటలు, పని ఎన్ని గంటలు. రెండు వారాలు చాలవు, నెలాఖరు కలవాలె, టార్గెట్ల ఒత్తిడి బయటపడేది అప్పుడే. కూర్చున్న గంటలతోపాటు పెరిగి సెలవునాడు తగ్గితే టేబుల్ దగ్గర వెతకాలె. లేవంగనే ఉంటే, ఆదివారం రాత్రే మొదలైతే పని వైపు చూడాలె. ఇది అనుమానానికి దారి మాత్రమే, రుజువు కాదు.

ఇంకొకటి. ల్యాప్‌టాప్‌ల స్క్రీను, కీబోర్డు ఒక్కటే ముక్క. స్క్రీను లేపితే మోచేతులు లేస్తయి, దించితే మెడ వంగుతది. వేల రూపాయల కుర్చీ కొన్నా ఆ వంపు పోదు. స్టాండు, విడి కీబోర్డు, మౌస్ పెట్టి, స్క్రీను పై అంచు కంటి ఎత్తుకు తెస్తే సగం గొడవ తీరుతది.

జగిత్యాల_యూనియన్:
అంతా ఏసీ రూముల ముచ్చటే! ఒళ్లో చాట పెట్టుకొని, తల వంచి, రోజుకు వెయ్యి బీడీలు చుట్టే ఆమెకు బర్నౌట్ అని ఎవరన్నా రాసిన్రా? కూలి వెయ్యి బీడీల లెక్కన. బాగాలేవని తీసేసినయి, తక్కువ పడ్డ ఆకు ఆమె మీదికే. మెడ లేపితే లెక్క తగ్గుతది, అందుకే లేపది. ఇక్కడ భంగిమ వేరు, ఒత్తిడి వేరు అని ఎట్ల విడదీస్తరు?

హన్మకొండ_ఫిజియో:
విడదీయలేం. గంటకు రెండుసార్లు లేచి నడువుమని చెప్పుడు అల్కనే, లేస్తే కూలి కోతపడేకాడ అది సలహానే కాదు.
అన్నీ ఒత్తిడి ఖాతాల వేయకుండ్రి. చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోయినా, జ్వరంతో నడుము నొప్పి ఉన్నా డాక్టర్‌కు చూపెట్టాలె. ఛాతీ నొప్పి, చెమటలు ఉంటే నేరుగ ఎమర్జెన్సీకే. పరగడుపున డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీలు రోజుల తరబడి మింగితే కడుపు, కిడ్నీలు పాడయ్యే ముప్పుంది.

మడికొండ_హెచ్ఆర్:
సరే, కుర్చీలు ఆపి ముందు స్టాండ్లు తెప్పిస్తా. నెలాఖరు కలిసేట్టు షీటు కూడా పెడతా. కానీ నిద్ర గంటలు హెచ్ఆర్‌కు నిజం రాసిస్తరా?

రామగుండం_సేఫ్టీ:
రాయరు. పేరు లేకుండ కాగితం మీద రాసి డబ్బాల వేయమను. డబ్బా మేనేజర్ క్యాబిన్ ముంగట పెట్టకు.